214 కోట్ల సంఖ్యకు ఒక్క పీరియడ్

జనవరి ఒకటో తేదీన మీ హుండీలో ఒక పైసా వేశారనుకోండి. రెండో తేదీన రెండు పైసలు, మూడో తేదీన నాలుగు, నాలుగో తేదీన ఎనిమిది. ఇలా ఏ రోజుకారోజు ముందురోజుకు రెట్టింపు వేస్తూ పోయారు. (పైసా నాణెం ఇప్పుడు చెలామణిలో లేదు. లెక్కకు అది అడ్డు రాదు లెండి.) 31వ తేదీ రాత్రి హుండీ పగలగొడితే అందులో 2 కోట్ల 14 లక్షల 74 వేల 836 రూపాయల 47 పైసలు ఉంటాయి. పైసల్లో చెప్పాలంటే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. అంకెల్లో రాస్తే 2147483647.

ఇప్పుడు ఈ పైసలను మీ స్నేహితులకు సమానంగా పంచండి చూద్దాం. ఇద్దరికి పంచితే ఒక పైసా మిగిలిపోతుంది. ముగ్గురికి పంచినా ఒకటి మిగులుతుంది. అయిదుగురికి పంచితే రెండు, పదిమందికి పంచితే ఏడు, వందమందికి పంచితే 47. మీ బడిలో ఉన్నవారందరినీ పిలవండి, ఊళ్ళో వారందరినీ పిలవండి, ఏ కొంతమందికి పంచినా ఎంతో కొంత మిగిలే తీరుతుంది. ఎవరో ఒక్కరే మొత్తం పట్టుకుపోవాలి. లేదా 214 కోట్ల పైచిలుకు మంది వచ్చి తలా ఒక పైసా తీసుకోవాలి. మరో దారి లేదు. అంటే 2147483647 ఒక ప్రధాన సంఖ్య.

ఇంతవరకు నేను చెప్పాను, మీరు విన్నారు. కాని నా మాట మీరెందుకు నమ్మాలి? ఈ వ్యాసం రాయటానికి కారణం ఆ ప్రశ్నే.

ఆరో తరగతిలో మీకు ప్రధాన సంఖ్యల నిర్వచనం చెబుతారు. ఎరటోస్తనీస్ జల్లెడ పట్టిస్తారు. నూరు లోపల ఉన్న 25 ప్రధాన సంఖ్యలను అప్పజెప్పమంటారు. ఆ తరువాత కసాగు, గసాభాలలోకి వెళ్ళిపోతారు. పదో తరగతిలో ఆ పేరు మళ్ళీ ఒకసారి వినబడుతుంది, అంతే. నేను చూసినంతలో మన పిల్లలు 97 దగ్గర ఆగిపోతున్నారు. పెద్ద సంఖ్య ఒకటి ఎదురుగా పెట్టి ఇది ప్రధాన సంఖ్యేనా, ఎలా తెలుసుకుంటావు అని అడిగితే, ముందు దాని చివరి అంకె చూస్తారు, తరువాత నా ముఖం చూస్తారు. నేను లెక్కల మాస్టార్ని కాను, సైన్సు చెప్పేవాణ్ణి. లెక్కలవారి పీరియడ్ అడగటం కొంచెం చొరవే. అయినా అడుగుతున్నాను. తొమ్మిదో తరగతిలోనో పదిలోనో ఈ ఒక్క సంఖ్యకు ఒక పీరియడ్ ఇవ్వాలని నా అభిప్రాయం. ఎందుకో, ఆ పీరియడ్‌లో ఏం చేయవచ్చో చెబుతాను.

హుండీ లెక్కలో ఒక చిన్న విశేషం మీరు గమనించారా? ఏ రోజు చూసినా హుండీలోని మొత్తం మర్నాడు వేయవలసినదానికి ఒక్క పైసా తక్కువగా ఉంటుంది. మూడో రోజుకు 1 + 2 + 4 = 7, నాలుగో రోజు వేయవలసింది 8. అందుచేత 31 రోజుల మొత్తం 2³¹ – 1 అవుతుంది. మరి మిగతా నెలల మాటేమిటి? ఏప్రిల్ నెలకు 30 రోజులు. మొత్తం 1073741823. దాని అంకెలు కూడితే 36. కాబట్టి 3తో పోతుంది, ముగ్గురు స్నేహితులు హాయిగా పంచుకోవచ్చు. ఫిబ్రవరి 28 రోజుల మొత్తం 268435455. చివర 5 ఉంది గనుక ఆలోచించే పనే లేదు. లీపు సంవత్సరం ఫిబ్రవరి దగ్గరే అసలు చిక్కు. 29 రోజులకు మొత్తం 536870911. చివరి అంకె 1. అంకెల మొత్తం 40, కనుక 3తో పోదు. 29 స్వయంగా ప్రధాన సంఖ్య. చూడటానికి 2147483647 ఎంత అమాయకంగా ఉందో ఇదీ అంతే అమాయకంగా ఉంది. కాని 233 మందికి పంచి చూడండి. తలా 2304167 పైసలు వచ్చి ఒక్క పైసా కూడా మిగలదు.

అంటే 29 రోజులకు కుదిరిన పంపకం 31 రోజులకు కుదరలేదు. రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా ఈ తేడా కంటికి కనబడదు.

పెద్ద పెద్ద వాళ్ళు కూడా ఇక్కడ తప్పటడుగు వేశారు. ఇటలీలో పియట్రో కాటాల్డి అనే ఆయన 1588లో 2¹⁷ – 1, 2¹⁹ – 1 ప్రధాన సంఖ్యలని తేల్చాడు. ఎలా తేల్చాడు? 750 వరకు ప్రధాన సంఖ్యల పట్టిక ఒకటి తయారుచేసుకుని, కావలసినంత మేరకు ఒక్కొక్కదానితో ఓపికగా భాగించి చూశాడు. ఆ ఓపికకు నమస్కారం పెట్టవలసిందే. కాని అక్కడ ఆగక 23, 29, 31, 37 ఘాతాలకు కూడా ప్రధాన సంఖ్యలే వస్తాయన్నాడు. ఈసారి పట్టిక చాలలేదు, భాగించి చూడలేదు. 1640లో ఫ్రాన్సు దేశపు ఫెర్మా రెండింటిని పడగొట్టాడు. 2²³ – 1ని 47, 2³⁷ – 1ని 223 భాగిస్తాయని చూపించాడు. 29 సంగతి పైన చూశాం, దాన్ని తేల్చినవాడు ఆయిలర్. కాటాల్డి చెప్పిన నాలుగింటిలో 31 ఒక్కటే నిలిచింది.

1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి మరో జాబితా ఇచ్చాడు. 257 లోపల ఏయే ఘాతాలకు ప్రధాన సంఖ్యలు వస్తాయో చెప్పాడు. ఈ రకం సంఖ్యలకు ఆయన పేరే నిలిచిపోయింది. ఆయన జాబితాలోనూ 31 ఉంది. కాని అదే జాబితాలో 67, 257 కూడా ఉన్నాయి. అవి తప్పు. 61, 89, 107 ఉండవలసింది, లేవు. ఈ తప్పులన్నీ పూర్తిగా బయటపడేసరికి ఇరవయ్యో శతాబ్దం సగం దగ్గరికి వచ్చింది. మెర్సెన్ 31 గురించి చెప్పింది నిజమే. అయితే ఆ మాట 67 గురించి ఆయనే చెప్పిన మాటకన్నా ఒక్క పిసరు కూడా ఎక్కువ బలమైనది కాదు. రెంటికీ ఆధారం చూపలేదు కదా!

ఆయిలర్ చేసిన పొదుపు

2147483647 ప్రధాన సంఖ్యేనని రుజువు చేసినవాడు లియొనార్డ్ ఆయిలర్. ఆ ఫలితం 1772లో అచ్చయింది. అప్పటికి ఆయనకు 65 ఏళ్ళు. రష్యాలో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంటున్నాడు. కంటిచూపు దాదాపు పూర్తిగా పోయింది.

మామూలు పద్ధతిలో వెళితే ఎంత పని ఉంటుందో చూద్దాం. ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధం అయితే ఆ రెండింటిలో ఒకటైనా దాని వర్గమూలాన్ని మించకుండా ఉంటుంది. కాబట్టి వర్గమూలం దాకా వెతికితే చాలు. మన సంఖ్య వర్గమూలం 46340, ఆపైన కొంచెం. 3, 5, 7, 9 అంటూ బేసి సంఖ్యలన్నిటితో భాగిస్తూ పోతే 23 వేల పైచిలుకు భాగహారాలు. ప్రధాన సంఖ్యలతో మాత్రమే భాగిస్తామన్నా నాలుగువేల ఏడువందలు దాటతాయి. పది అంకెల సంఖ్యను అన్నిసార్లు భాగించేవాడు మధ్యలో ఎక్కడో ఒకచోట పొరబడక మానడు.

ఆయిలర్ అంతమంది చేత తలుపు తట్టించలేదు. ఎవరు లోపలికి రాగలరో ముందే తెలుసుకుని వారినే పిలిచాడు. ఆ కిటుకు తొమ్మిదో తరగతి విద్యార్థికి అందేదే. కాగితం, పెన్సిలు తీసుకోండి.

ముందు చిన్న సంఖ్య మీద చూద్దాం. 1తో మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ పోండి. 23 దాటినప్పుడల్లా 23 తీసేయండి. అంటే 23తో భాగించగా మిగిలే శేషాన్నే ఉంచుకుంటున్నాం. 1, 2, 4, 8, 16 వస్తాయి. తరువాత 32 రావాలి, 23 తీసేస్తే 9. ఆపైన 18, 13, 3, 6, 12. పన్నెండు రెట్టింపు 24, అందులో 23 పోతే 1. బయలుదేరిన చోటికే వచ్చాం! తిరునాళ్ళలో రంగులరాట్నం తిరిగినట్లు ఇక ఇవే సంఖ్యలు ఇదే వరసలో తిరుగుతాయి. రాట్నానికి 11 కుర్చీలు. పదకొండు రెట్టింపుల తరువాత 1 మిగిలిందంటే 2¹¹ని 23తో భాగిస్తే శేషం 1 అన్నమాట. అంటే 2¹¹ – 1ని 23 నిశ్శేషంగా భాగిస్తుంది. నిజమే, 2047 = 23 × 89.

ఇప్పుడు అసలు విషయం. 23తో భాగిస్తే సున్నా కాక రాగల శేషాలు 1 నుంచి 22 వరకు, మొత్తం 22. వాటిలో 11 ఈ రాట్నం ఎక్కేశాయి. ఎక్కనివాటిలో ఒకదాన్ని, 5ని తీసుకుని అలాగే రెట్టింపు చేయండి. 5, 10, 20, 17, 11, 22, 21, 19, 15, 7, 14. తరువాత మళ్ళీ 5. ఇది మరో రాట్నం. దీనికీ 11 కుర్చీలే. ఇలా సరిగ్గా 11 రావటం కాకతాళీయం కాదు. మొదటి రాట్నంలోని ప్రతి సంఖ్యనూ 5తో గుణించి శేషం రాస్తే ఈ రెండో రాట్నమే వస్తుంది, చేసి చూడండి. 22 శేషాలూ రెండు రాట్నాల మీద సర్దుకున్నాయి. ఎవరూ కింద మిగల్లేదు, ఎవరూ రెండు చోట్ల కూర్చోలేదు. కాబట్టి 22 అనేది 11కు గుణిజం అయి తీరాలి.

ఇదే మాట 31కి చెప్పండి. ఏదో ఒక ప్రధాన సంఖ్య 2³¹ – 1ని భాగిస్తుందనుకుందాం. దాని శేషాలతో రాట్నం కడితే 31 రెట్టింపులకు మళ్ళీ 1 రావాలి. ఆ లోపలే ఒకసారి 1 వచ్చేసి ఉండవచ్చు కదా అని మీకు అనుమానం రావాలి. వస్తే, కుర్చీల సంఖ్య 31ని సమంగా భాగించాలి. కాని 31 ప్రధాన సంఖ్య. దాన్ని భాగించేవి 1, 31 మాత్రమే. ఒకే కుర్చీ రాట్నం అంటే 2ను భాగించినా శేషం 1 రావాలి, అది జరగదు. కనుక ప్రతి రాట్నానికీ సరిగ్గా 31 కుర్చీలు. మొత్తం శేషాల సంఖ్య, అంటే ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేసినది, 31కి గుణిజం. మన సంఖ్య బేసి గనుక దాన్ని భాగించే సంఖ్యా బేసిదే. ఒకటి తీసేస్తే సరి సంఖ్య. 31కీ 2కూ గుణిజం అంటే 62కు గుణిజం.

కాబట్టి 2147483647కు ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే అది 62 గుణిజానికి ఒకటి కలిపిన సంఖ్యే కావాలి. 3 కాజాలదు, 5 కాజాలదు, 7, 11, 13 ఏవీ కాజాలవు. ఒక్క భాగహారం కూడా చేయకుండానే వేలకు వేల సంఖ్యలు పక్కకు తప్పుకున్నాయి!

పైన చెప్పిన పాత తప్పులను ఈ నియమంతో మళ్ళీ చూడండి. 47 అంటే 46 + 1, 46 అంటే రెండు 23లు. 223 అంటే ఆరు 37లకు ఒకటి కలిపినది. 233 అంటే ఎనిమిది 29లకు ఒకటి కలిపినది. కాటాల్డికి ఈ సూత్రం తెలిసి ఉంటే 2²³ – 1 దగ్గర మొట్టమొదటి భాగహారంతోనే ఆగిపోయేవాడు.

ఆయిలర్ దగ్గర ఇంకో నియమం కూడా ఉంది. అలాంటి కారణాంకాన్ని 8తో భాగిస్తే శేషం 1 గాని 7 గాని రావాలి. రెండు నియమాలూ కలిపితే పరీక్షించవలసిన ప్రధాన సంఖ్యలు ఎనభై చిల్లరకు దిగుతాయి. ఈ రెండో నియమానికి రుజువు ఈ పేజీల్లో పట్టదు. కాబట్టి ఈ వ్యాసం వరకు దాన్ని వాడుకోవద్దు. కారణం తెలిసిన నియమం ఒక్కటే చాలు మనకు.

నలభైమంది, ఒక గంట

ఇక నేను అడిగిన పీరియడ్. 46340 లోపల 62 గుణిజానికి ఒకటి కలిపిన సంఖ్యలు 747 ఉన్నాయి. 63, 125, 187, 249, 311 అలా పోతాయి. వీటిలో 3, 5, 7లతో పోయేవాటిని కొట్టేయండి. అవి ప్రధాన సంఖ్యలు కావు, వాటితో పని లేదు. మూడువందల నలభై దరిదాపుల్లో మిగులుతాయి. తరగతిలో నలభైమంది ఉంటే ఒక్కొక్కరికి తొమ్మిది భాగహారాలకు మించవు. ఓపిక ఉన్నవారు 11, 13లతో పోయేవాటిని కూడా ఏరేస్తే ఇంకా తగ్గుతాయి. ఒకరు చేసినదాన్ని పక్కవారు సరిచూడాలి. అది మరిచిపోకూడదు, ప్రయోగశాలలో కొలతలు రెండోసారి తీస్తాం చూడండి, అలాగే. ఎవరికీ సున్నా శేషం రాకపోతే, ఆ సాయంత్రానికి 2147483647 ప్రధాన సంఖ్య అని మీ తరగతికి తెలుస్తుంది. నేను చెప్పినందుకు కాదు, ఆయిలర్ చెప్పినందుకు కూడా కాదు.

ముందు చిన్నదానితో చేయి సవరించుకోవాలంటే 2¹³ – 1 తీసుకోండి. అది 8191. వర్గమూలం 90కి కొంచెం పైన. కారణాంకం ఉంటే 26 గుణిజానికి ఒకటి కలిపినది కావాలి. 27, 53, 79, అంతే. 27 ప్రధాన సంఖ్య కాదు. 53తో భాగిస్తే శేషం 29, 79తో భాగిస్తే 54. రెండే రెండు భాగహారాలతో 8191 ప్రధాన సంఖ్య అని తేలిపోయింది. నూరు దాటితే దిక్కు తోచని పిల్లవాడికి ఈ అనుభవం ఎంత ధైర్యం ఇస్తుందో ఆలోచించండి.

దీనికి అభ్యంతరాలు చెప్పేవారున్నారు. ఫోనులో సంఖ్య కొడితే క్షణంలో చెబుతుంది గదా, ఇంత శ్రమ దేనికి అంటారు. నిజమే, చెబుతుంది. భాగహారాలు ఫోను చేత చేయించినా నాకేమీ అభ్యంతరం లేదు. కాని 747 మాత్రమే ఎందుకు చూడాలో, మిగతావాటిని ఎందుకు వదిలేయవచ్చో తెలియకుండా ఫోను 'అవును' అన్నదని రాసుకుంటే, మెర్సెన్ జాబితాను చూసి రాసుకున్నవారికీ మనకూ తేడా ఏముంది? ఆ రోజుల్లో వారు ఒక పండితుడి మాట నమ్మారు, మనం ఒక గాజు పలక మాట నమ్ముతున్నాం.

పైగా యంత్రం కూడా మనిషి ఇచ్చిన ఉపాయంతోనే నెగ్గుతోంది. 39 అంకెలున్న 2¹²⁷ – 1ని భాగహారాలతో పరీక్షించటం మామూలు కంప్యూటరుకు కూడా చాలా పెద్ద పని. కాని 1876లో, కంప్యూటర్లు పుట్టకముందే, ఎడ్వర్డ్ లూకా అనే ఫ్రెంచి గణితవేత్త అది ప్రధాన సంఖ్య అని తేల్చాడు. ఇలాంటి సంఖ్యలకు అసలు భాగహారం పెట్టకుండా తేల్చే పద్ధతి ఒకటి ఆయన కనిపెట్టాడు. దాన్ని తరువాత అమెరికాలో లేమర్ సులభం చేశాడు. 4తో మొదలుపెట్టాలి. వర్గం చేసి 2 తీసేయాలి. పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. మళ్ళీ అదే పని. 127 అంటే 2⁷ – 1 కదా, దానికి చేస్తే 4, 14, 67, 42, 111, 0 వస్తాయి. ఘాతం కన్నా రెండు తక్కువసార్లు చేసేసరికి, ఇక్కడ అయిదుసార్లకు, సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. 2147483647కు 29 సార్లు చేస్తే సరిపోతుంది. ఇదెందుకు పనిచేస్తుందో తెలుసుకోవాలంటే మీరు కాలేజీ దాకా ఆగాలి. ఆగటంలో తప్పులేదు, మరిచిపోకుండా ఉంటే చాలు.

ఆ 1876లోనే మెర్సెన్ చెప్పిన 2⁶⁷ – 1 ప్రధాన సంఖ్య కాదని కూడా లూకా చూపించాడు. కారణాంకం ఏదో మాత్రం చెప్పలేకపోయాడు. ఇంట్లో దొంగ ఉన్నాడని రుజువైంది, ఏ గదిలోనో తెలియలేదు! అమెరికాలో ఫ్రాంక్ కోల్ 1903లో దాన్ని పట్టుకున్నాడు. అది 193707721 × 761838257287. ఇప్పుడు మెర్సెన్ సంఖ్యల వేటలో ప్రపంచమంతటా ఔత్సాహికుల కంప్యూటర్లు పాల్గొంటున్నాయి. 2024 అక్టోబరులో ప్రకటించిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ – 1లో నాలుగు కోట్ల పది లక్షలకు పైగా అంకెలున్నాయి. మెర్సెన్ సంఖ్యలే కాదు, ఏ సంఖ్య ఇచ్చినా అది ప్రధాన సంఖ్య అవునో కాదో అంకెలు పెరిగినా పని అదుపు తప్పకుండా కచ్చితంగా తేల్చే పద్ధతి 2002లో మన దేశంలోనే పుట్టింది. కాన్పూరు ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, ఆయన విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా దాన్ని కనిపెట్టారు. వారూ ఒకప్పుడు 97 దాకా పట్టిక రాసినవారే అయివుంటారు.

రెండో అభ్యంతరం, దీనివల్ల ఉపయోగమేమిటి అని. ఈ ప్రశ్న కొత్తది కాదు. 1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లీషు గణితవేత్త 2147483647 గురించి రాస్తూ, దీని నుంచి వచ్చే పరిపూర్ణ సంఖ్యను మించిన పరిపూర్ణ సంఖ్యను ఎవరూ కనిపెట్టకపోవచ్చు, ఇవి వింతలే గాని పనికొచ్చేవి కావు గనుక ఎవరూ ఆ శ్రమ పడరు అన్నాడు. ఆయన జోస్యం నూరేళ్ళు కూడా నిలవలేదు. మరి ఉపయోగం మాట?

కొందరు వెంటనే కంప్యూటర్ల గడియారం సంగతి ఎత్తుతారు. పాత పద్ధతి కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతూ, ఆ లెక్కను 31 అంకణాల్లో దాచుకుంటాయి. ఒక్కో అంకణంలో 0 గాని 1 గాని ఉంటుంది. అన్నిటిలో 1లు నిండితే ఆ సంఖ్య 2147483647. మన హుండీ నిండినట్లే. మన దేశ కాలమానం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు అది నిండుతుంది. ఆలోగా మార్చని యంత్రాలు తరువాతి సెకనుకు తారీకు తప్పుతాయి. వినటానికి బాగుంది గాని, న్యాయంగా చెప్పాలంటే ఇందులో మన సంఖ్య ప్రధాన సంఖ్య కావటానికి ఏ పాత్రా లేదు. అది సంయుక్త సంఖ్య అయినా హుండీ అలాగే నిండేది. లేని గొప్ప అంటగట్టనక్కర్లేదు.

ప్రధాన సంఖ్య కావటమే అవసరమైన పని ఇంకోటి ఉంది. 1969లో లూయిస్, గుడ్‌మన్, మిల్లర్ అనే ముగ్గురు ఐబియం 360 కంప్యూటరుకు యాదృచ్ఛిక సంఖ్యలు తయారుచేసే పద్ధతి ఒకటి ఇచ్చారు. పాచికలు వేసినట్లు ఒక వరస లేకుండా కనబడే సంఖ్యలవి. శాస్త్రవేత్తలు ప్రకృతిలో జరిగేవాటికి కంప్యూటరులో నమూనాలు కట్టాలంటే అవి కావాలి. పద్ధతి చాలా చిన్నది. ఒక సంఖ్యను 16807తో గుణించి, 2147483647తో భాగించి, శేషం తీసుకోవటం. మళ్ళీ దాన్ని 16807తో గుణించటం. మన రంగులరాట్నమే ఇది! 23 దగ్గర 2తో గుణిస్తే రెండు రాట్నాలు వచ్చాయి. 5తో గుణిస్తూ పోయి చూడండి, 22 శేషాలూ ఒకే పెద్ద రాట్నం మీద కూర్చుంటాయి. 16807, అంటే 7⁵, మన పెద్ద సంఖ్య దగ్గర అదే పని చేస్తుంది. 214 కోట్ల పైచిలుకు శేషాలన్నీ ఒక్కటి కూడా వదలకుండా వచ్చాకనే మళ్ళీ మొదటిది వస్తుంది. సంయుక్త సంఖ్యతో భాగిస్తే ఇలా ఒకే రాట్నం మీద అందరూ సర్దుకోవటం కుదరదు. రహస్య లేఖలకైతే ఈ పద్ధతి పనికిరాదు, దీనికన్నా మంచివి తరువాత వచ్చాయి. అయినా దశాబ్దాలపాటు ఎన్నో ప్రయోగశాలల్లో ఈ సంఖ్య పనిచేసింది. అప్పటికి బార్లో ఆ మాట రాసి 158 ఏళ్ళు.

మూడో అభ్యంతరం, పరీక్షలో రాదు కదా అని. దానికి నా దగ్గర జవాబు లేదు. రాదు, నిజమే.

పీరియడ్ దొరకకపోతే దొరికే దాకా ఆగకండి. సెలవుల్లో నలుగురు కలిసి కూర్చున్నా అయ్యే పనే. మొదటి నాలుగింటిలో 63, 125, 249 మూడు, అయిదులతో పోతాయి, 187 అంటే 11 × 17. అవి పోగా నిజంగా భాగించి చూడవలసిన మొదటి సంఖ్య 311. అది నేను చేసి ఇస్తున్నాను. భాగఫలం 6905092, శేషం 35. తరువాతి సంఖ్య 373. అక్కడినుంచి మీరు మొదలుపెట్టండి.